గోడవైపు తిప్పిన కుర్చీ

పంజాగుట్టలో నా డ్యూటీ మే నెలలో ఒక సోమవారం ఉదయం ఏడింటికి మొదలైంది. ఫిరంగి దళంలో హవల్దారుగా రిటైరై అప్పటికి నాలుగేళ్లు. ఈసారి కాపలా కాయాల్సింది ఒక గొయ్యి. మెట్రో లైను పక్కన కొత్త షాపింగ్ కాంప్లెక్సుకు సెల్లార్ తవ్వుతున్నారు. మూడంతస్తుల లోతు, అడుగంతా బండ. చుట్టూ జనం ఉన్న చోట మందు పెట్టి పేల్చనివ్వరు. జాక్ హామర్లతో రంధ్రాలు వేసి, చీల్చి, ముక్కలు ఎత్తాలి. నాకిచ్చిన సామాను: హెల్మెట్, వాకీటాకీ, ఎర్రజెండా, పచ్చజెండా, ఒక విజిల్. బండ్లు మనుషుల మీదికి పోకుండా చూడటం నా పని.

ఎండాకాలంలో ఆ గొయ్యి రొట్టెల పెనం. గాలి ఆడదు. శబ్దం పైకి పోదు, నాలుగు వైపులా కొట్టుకుని మన మీదికే తిరిగొస్తుంది. ఫిరంగి ఒకసారి పేలి ఊరుకుంటుంది, మళ్లీ గుండు నింపేదాకా ఊపిరి తీసుకోవచ్చు. జాక్ హామర్‌కు ఆ మర్యాద లేదు. నలుగురు డ్రిల్లర్లు, ఒక కంప్రెసర్ ఆపరేటరు, ఒక ఎక్స్‌కవేటర్ డ్రైవరు. అందరూ బోరబండ నుంచి వచ్చేవాళ్లే. డ్రిల్లర్ల చెవుల్లో కొబ్బరినూనె అద్దిన దూది. ఆఫీసు ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు డబ్బాలోనే ఉన్నాయి. ఇదేంటని అడిగితే పెద్ద డ్రిల్లర్ సాయిలు నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

"చెమటకు జారిపోతయి సార్. దూదే మంచిగుంటది."

సాయిలుకు నలభై దాటాయి. మీసాలు రాకముందే జాక్ హామర్ పట్టాడట. మిగతా ముగ్గురికీ పని నేర్పింది అతనే. అతను వస్తే ముగ్గురూ వస్తారు, అతను మానేస్తే ఆ రోజు బండ కదలదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, నడకలోనే కనిపించేది.

జూన్‌లో తొలి వాన పడి ర్యాంపు బురదైంది. టీ వేళ. జాక్ హామర్లు ఆగాయి, పైన కంప్రెసర్ మాత్రం తిరుగుతోంది. ఎక్స్‌కవేటర్ వెనక్కి వస్తోంది. దాని దారిలో సాయిలు, వీపు ఇటు పెట్టి బీడీ ముట్టించుకుంటున్నాడు. విజిల్ వేశాను. మళ్లీ వేశాను. అతను తల తిప్పలేదు. ఎర్రజెండా డ్రైవరు అద్దానికేసి విసిరికొట్టాను. బండి మూరెడు దూరంలో ఆగింది. సరిహద్దులో కూడా అంత భయపడలేదు.

వాకీటాకీలో సైట్ ఇంజనీరు, అందులో గొయ్యి పేరు పిట్. "పిట్, ఆఫీస్. ఏమైంది?"

"ఆఫీస్, పిట్. బండి ఆగింది. మనిషి క్షేమం."

"విజిల్ వేశారా?"

"వేశానండి. రెండుసార్లు."

"వీళ్లకెంత చెప్పినా దున్నపోతు మీద వాన పడ్డట్టేనండి."

సాయిలు నా దగ్గరికొచ్చి, "నువ్వు విజిల్ కొట్టలే సార్" అన్నాడు. అతని కళ్లలో అబద్ధం లేదు.

ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. డ్రిల్లర్లందరికీ చెవుల పరీక్ష. తప్పినవాడిని గొయ్యిలోకి దింపకూడదు. ఆదివారం వాళ్లను తీసుకుని అమీర్‌పేట వెళ్లాను. కోచింగ్ సెంటర్ల సందులో, రెండో అంతస్తులో చిన్న క్లినిక్. అద్దం అవతల చిన్న గది, అందులో కుర్చీ. చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు, చేతికి బొత్తాం ఇస్తారు. శబ్దం వినిపిస్తే నొక్కాలి. అద్దం ఇవతల టెక్నీషియన్ అమ్మాయి మిషను ముందు కూర్చుంటుంది.

మొదటి ముగ్గురూ చకచకా నొక్కారు. అమ్మాయి మెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. ముగ్గురి చూపూ ఆమె కుడిచేతి మీదే ఉంది. ఆమె వేలు మిషను మీద దిగగానే వీళ్ల బొటనవేలు దిగుతోంది. ఫిరంగి దళంలో ఈ విద్య రానివాడు లేడు. ఏటా మెడికల్లో మేమూ అంతే. చెవులు పోయాయని తేలితే కేటగిరీ పడిపోతుంది, ప్రమోషన్ ఆగిపోతుంది. నా భుజం మీది మూడు హవల్దారు పట్టీలూ ఆ విద్య చలవే.

సాయిలు వంతు వచ్చింది. నేను నోరు మూసుకుంటే పాసవుతాడు. రేపు మళ్లీ గొయ్యిలోకి దిగుతాడు. ఆ మూరెడు జాగా ప్రతిసారీ మిగలదు.

"కుర్చీ గోడవైపు తిప్పమ్మా. అందరికీ మళ్లీ చెయ్యి" అన్నాను.

నా పెదవులకేసే చూస్తున్న సాయిలు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నా పొట్ట మీద కొట్టకు సార్."

"ముందు నేనే కూర్చుంటాను."

"నీకేంది సార్. నీకు పింఛనొస్తది."

ఆ మాట గుచ్చుకుంది. వెళ్లి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద నీలం సున్నం, ఒక మేకు రంధ్రం. మొదట కొన్ని శబ్దాలు వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. మిషను ఆగిందనుకున్నాను. అమ్మాయి వచ్చి భుజం తట్టింది.

"అయిపోయింది అంకుల్. లావు శబ్దాలు అందుతున్నాయి, అందుకే మాటలు తెలుస్తున్నాయి. సన్నవి పోయాయి. విజిల్ లాంటివి మీకు వినబడవు."

నెల రోజులుగా నా విజిల్ నేనే వినలేదన్నమాట. గాలి ఊదింది పెదవులకు తెలిసేది, మోగిందని నమ్మేవాణ్ని.

సాయిలు నా ముఖం చూశాడు. తర్వాత చెప్పులు విడిచి గదిలోకి వెళ్లాడు.

సోమవారం రిపోర్టులన్నీ ఆఫీసుకు చేరాయి. సైటులో విజిల్ తీసేశారు. ర్యాంపు మీద నిలబడే నా జెండా పనికి కళ్లు చాలు, అది సాయిలుకు ఇవ్వండని పట్టుబట్టాను. కూలి కొంత తగ్గించి ఇచ్చారు. మిగతా ముగ్గురిలో ఇద్దరి చెవులు ఇంకా బాగానే ఉన్నాయి, వాళ్లకు ప్లగ్గులు పెట్టించి, దూది బయట పారేయించాను; మూడోవాణ్ని పైన పనికి మార్చారు. నన్ను మాత్రం చాలా మర్యాదగా రెస్టు తీసుకోమన్నారు. వారం రోజులు సాయిలుకు ఫిరంగుల దగ్గర మేం వాడే చేతిసైగలు నేర్పి, జెండాలు అప్పగించాను.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"కోపం సుత ఉన్నది సార్. జెండా సుత మంచిగనే పడుతున్న."

బల్కంపేటలో మా ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పుడు కుక్కర్ కూతలు మా ఆవిడ వేళ్లతో చూపిస్తుంది. మూడో వేలు లేవగానే స్టవ్ ఆపుతాను. హాయిగానే ఉంది.

కానీ ఆ క్లినిక్ గది నన్ను వదల్లేదు. ఆ ఆదివారం నా తర్వాత సాయిలు కూర్చున్నప్పుడు అద్దం ఇవతల మేమంతా నిలబడ్డాం. అవతల సాయిలు వీపు. చాలాసేపు గడిచింది. కంప్రెసర్ ఆపరేటరు కూడా మాతో వచ్చాడు, ఉండబట్టలేక అడిగాడు.

"ఇంక షురూ చెయ్యలేదా మేడమ్?"

ఆమె మిషను మీది చిన్న దీపం చూపించింది. శబ్దం పంపిన ప్రతిసారీ అది వెలుగుతుందట. వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది. సాయిలు ఫొటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, బొటనవేలు బొత్తాం మీద సిద్ధంగా పెట్టుకుని, మొదటి శబ్దం కోసం ఎదురుచూస్తున్నాడు.