రేకు డబ్బాలో చూపుడువేలు

ఆదివారం ఉదయం పదిన్నరకు మా వీధి తాళాలాయన కుడిచేతి చూపుడువేలు ఒక రేకు డబ్బా కంతలో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన మారుతాళంచెవి చేయించుకోవడానికి కొట్టుకి వచ్చాడు.

"అదేంటన్నా, చేతికి డబ్బా?"

"లోతు చూస్తున్నా," అన్నాడు తాళాలాయన, ముఖంలో ఏమీ కనపడనీయకుండా. ఎడమచేత్తో ఆకురాయి పట్టలేక ఆ బేరం వదులుకున్నాడు.

డబ్బా ఆయన కూతురిది. ఆరేళ్ళ పిల్ల, ఇంట్లో అందరూ పిడుగు అంటారు. నెలన్నర కిందట, ఖర్చులకి వారానికో నాణెం దాని చేతిలో పెడతానని ఆయనే అన్నాడు. "పాలపళ్ళైనా ఊడలేదు, దానికి డబ్బేంటండీ?" అని భార్య సణిగింది. ఆయన వినలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని మరీ మాటిచ్చాడు: "ఇది నీది. ఏం చేశావని నేనడగను."

ఇవ్వడం సులువే. నిలబెట్టుకోవడమే ఆయన చేతులవల్ల కాలేదు. మూసి ఉన్నదాన్ని తెరుస్తూ ఇరవయ్యేళ్ళు బతికిన చేతులవి. పిల్ల బడికెళ్ళగానే, అది నాణేలు దాచుకునే డబ్బా తీసి ఊపేవాడు. మొదట గలగలమంది. మూడోవారం నుంచి చప్పుడు లేదు. ఇక ఆయనకు కాలు నిలవలేదు. కొట్లోంచి వెనకింట్లోకి, ఇంట్లోంచి కొట్లోకి. పారేసుకుందా? ఎవరైనా కాజేశారా? టీ చల్లారిపోయేది, ఇంకోటి తెప్పించి దాన్నీ చల్లార్చేవాడు. మూత తీద్దామంటే పిల్ల దానిచుట్టూ రిబ్బను కట్టి ఏడు ముళ్ళు వేసింది. విప్పితే దొరికిపోతాడు. అందుకని వేలు.

భార్య సబ్బునురగ రాసి లాగుతుంటే పిడుగు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, అడగనన్నావుగా!"

"అడగలేదమ్మా. చూశానంతే."

వేలితోపాటు పాత మేజోడు ముక్క ఒకటి ఊడివచ్చింది. అందులో చుట్టిన నాణెం.

"నువ్వు ఊపుతున్నావని అన్నిటికీ చుట్టాను. దీనికి గొళ్ళెం పెట్టు," అంది పిల్ల.

తాళాలాయన చెవులు కందిపోయాయి. గొళ్ళెం బిగించాడు. కొట్టుమొత్తంలోకీ మంచి తాళం తీసి ఇవ్వబోతే పిల్ల తల అడ్డంగా ఊపింది. రిబ్బను ముళ్ళూ మేజోడు ముక్కలూ అన్నీ విప్పి, నాణేలు గుప్పిట్లో బిగించి వీధి దాటింది. అవతల ఉన్నదీ తాళాల కొట్టే. వీళ్ళకి పోటీకొట్టు.

పావుగంటలో డబ్బాకి తాళం పడింది. తాళంచెవి తాడుకట్టి పిల్ల మెడలో వేలాడుతోంది.

"మన కొట్టునిండా తాళాలుంటే అది ఎదురుకొట్లో కొనడమేంటండీ? వీధంతా నవ్వుతోంది!" అని అందుకుంది భార్య. "పైగా ఉన్నదంతా తాళానికే పోసింది. లోపల దాచడానికి ఒక్క నాణెం లేదు. ఎందుకు చేశావని ఒక్క మాటైనా అడగరేం?"

తాళాలాయన రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు.

"అడగనని మాటిచ్చాను కదే!"