అప్పగింతలో చెప్పని చినుకు

ఆ రోజుల్లో, అంటే అనంతపురంలో నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న కాలంలో, ఒక ప్రోగ్రాము రాసి ఊరికే పంచిపెట్టినవాడు తనను తాను పెద్ద దాత అనుకునేవాడు. నేనూ అనుకున్నాను. నాది వాన లెక్కల ప్యాకేజీ. రోజువారీ కొలతలు ఎక్కిస్తే నెలవారీ పటాలు గీసిపెట్టేది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏం రాశానో విప్పి చూడవచ్చు, దిద్దుకోవచ్చు. (విప్పి చూసే ఓపిక ఎవరికీ ఉండదన్నదే నా ధైర్యం.) దాంట్లో ఒక చిక్కుండేది. నెల మొత్తం వాన సున్నా అయితే, ఆ సున్నాతో భాగించబోయి ప్రోగ్రాము ఆగిపోయేది. అనంతపురంలో కూర్చుని, వాన సున్నా అవుతుందని ఊహించకుండా వాన లెక్కలు రాసిన ఘనుణ్ని నేను. సరిచేయాలంటే సగం తిరగరాయాలి. బద్ధకమేసి, సున్నా కనబడితే దాని బదులు ఒక చినుకంత వాన వేసుకొమ్మని లోపల ఒక వరుస ఇరికించాను. ఆగడం మానింది.

తర్వాత నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ప్యాకేజీ బాగోగులు చూసే తీరిక లేకపోయింది. ప్యాకేజీ వాడేవాళ్లందరం ఈమెయిళ్లు రాసుకునే మెయిలింగ్ లిస్టులో నా తప్పులు మర్యాదగా దిద్దే ఒకమ్మాయి ఉండేది. వాళ్లది ముదిగుబ్బ, వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. అందరం ముదిగుబ్బ పాప అనేవాళ్లం. తనకే అప్పగిద్దామని నెట్ సెంటరుకు పిలిచి, పాస్‌వర్డులు రాసిన కాగితం చాపితే తీసుకోలేదు.

"కుంటివి ఏమన్నా ఉండాయా అన్నా?" అంది.

"కుంటివేంది పాపా?"

"మా నాయన మందను ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడు ఏది కుంటుతాదో, ఏది చేన్లో పడతాదో ఒక్కొక్కదాన్నీ పట్టి చూపిచ్చి చెప్తాడు. చెప్పకుంటే తీసుకునేటోడు మందను ముట్టడు."

(చినుకు సరిగ్గా నా నాలుక చివర ఉంది.) "అన్నీ గట్టివే పాపా," అన్నాను. నమ్మి కాగితం తీసుకుంది.

ఏడాది తిరక్కుండా కుందుర్పి నుంచి ఒక పంతులు లిస్టుకు రాశాడు. బడి ఆవరణలో వాన కొలిచేది ఆయనే. "కరువు అర్జీకి జతచేద్దామని పటం తీస్తే, చుక్క రాలని నెలల్లో కూడా వాన చూపిస్తాండాది. ఏమప్పా, ఈ వాన యాడ పడింది?" లిస్టులో తలా ఒక మాట అన్నారు. కరువును దాచే ప్రోగ్రామన్నారు. కొత్తవాళ్ల చేతికిస్తే ఇంతేనన్నారు. నేను బెంగళూరులో కూర్చుని ప్రతి మాటా చదివాను, ఒక్క మాటా రాయలేదు. పాప రాసింది: "తప్పు నాది. తీసుకునేటప్పుడు చూసుకోవాల్సింది. వారంలో సరిచేస్తాను." నేను సగానికే బద్ధకించినదాన్ని ఆమె మొత్తం తిరగరాసింది. ఇప్పుడు సున్నా నెలకు ఖాళీ గడి, అందులో 'వాన లేదు' అన్న రెండు మాటలు. పంతులుగారి కొత్త పటం కూడా తనే తీసి పంపింది.

సిగ్గుపడుతూ ఫోన్ చేశాను. "నా పేరు చెప్పేసి ఉండాల్సింది పాపా."

"నీ పేరు చెప్తే సారుకు పటం వస్తాదా? కుంటిదని ముందే చెప్పింటే భుజానేసుకోని వచ్చేదాన్ని కదన్నా."

ఇటీవల ఆమె కూడా ప్యాకేజీని ఇంకొకరికి అప్పగించింది. వెంట 'కుంటివి' అని ఒక ఫైలు పెట్టింది. తెలిసిన లోపాలన్నీ, ఎప్పుడో నయమైన చినుకుతో సహా, ఒక్కొక్కటీ పట్టి చూపించింది. ప్రతిదాని పక్కనా అది ఎవరి తప్పో ఉంది, ఎక్కువ చోట్ల తన పేరే. చినుకు పక్కన మాత్రం ఖాళీ. నిన్న ఆ ఖాళీలో నా పేరు రాసి లిస్టుకు పంపాను. "ఇన్నేండ్లకా అన్నా," అని జవాబొచ్చింది.

ఆ బెంగళూరు కుర్రాణ్ని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. జిల్లా మొత్తానికి నెల తప్పకుండా వాన కురిపించినవాడు వాడొక్కడే. పాపం, గొప్పగా చెప్పుకునే వీలే లేకపోయింది.