అక్నబాత్ పొయ్యి పక్క తాబేలు

కరాకుమ్ ఇసుకలో ఆ బావి చుట్టూ ఉన్న నలభై ఇళ్ళవాళ్ళూ అక్నబాత్‌ని పట్టించుకునేది ఏడాదికి ఒక్కసారే. అదీ తాబేలు పుణ్యమా అని.

చలికాలమంతా నేలలో పడి నిద్రపోయే తాబేళ్ళలో అన్నిటికంటే ముందు లేచేది ఆవిడ రొట్టెల పొయ్యి పక్కనే. అది లేస్తే గానీ మందలు కొత్త గడ్డికి కదలవు. ఊరి పెద్ద ఖోజాగులీ స్వయంగా వచ్చి, "ఏమ్మా, మీ ముసల్ది లేచిందా?" అని అడిగి, టీ తాగి వెళ్ళేవాడు. మొగుడు ఎప్పుడూ గొర్రెల వెంటే, పిల్లాజెల్లా లేరు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడకున్న గొప్పల్లా ఆ ఒక్క గిన్నెడు టీ.

గోడకి అటువైపు ఉండే తోటికోడలు బోస్సాన్‌కి మాత్రం ఏం తక్కువ? అయిదుగురు పిల్లలు, నేసిన తివాచీలకి ఊరూరా పేరు. కిందటేడు కొత్త పొయ్యి కూడా పెట్టుకుంది. అయిదుగురు పిల్లలకి రొట్టెలు కాలే పొయ్యి, వెచ్చదనానికి లోటేముంది? ఈ ఏడు తొలి తాబేలు అక్కడే లేచింది. ఖోజాగులీ టీ కూడా అక్కడే తాగుతున్నాడు!

అక్నబాత్ కడుపు భగ్గున మండింది. గోడ దాటి వెళ్ళి పడింది.

"ఏమే, పిల్లలు చాల్లేదా, పేరు చాల్లేదా? నా తాబేలు కూడా కావలసొచ్చిందా? పుచ్చకాయ తొక్కలేసి మచ్చిక చేసుకున్నావు కదూ!"

బోస్సాన్ ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది. "నీదైతే తీసుకుపో అక్కా, దానికేం."

అక్నబాత్ తాబేలుని చంకనెత్తుకుని తన పొయ్యి పక్కకి తెచ్చేసుకుంది. పాపం ఖోజాగులీ, ఆడవాళ్ళ గొడవ మనకెందుకని ఇక్కడికీ వచ్చి ఇంకో గిన్నె తాగాడు. మర్నాడు మందలు కదిలాయి. తోటికోడలు తాబేలు దొంగని అక్నబాత్ ఊరంతా చాటింది.

తొమ్మిదో రోజు రొట్టెలు కాలుస్తుంటే కాలి పక్కన ఇసుక కదిలింది. ముందు ముక్కు, తర్వాత చిప్ప. చిప్ప అంచున గాటు. కొత్తకోడలిగా వచ్చిన ఏడు రాయనుకుని, రొట్టెలు తీసే కొక్కెంతో తనే పొడిచిన గాటు. ఆవేళ గోడ అవతల నుంచి తెచ్చుకున్నదానికి ఆ గాటు ఉందో లేదో చూసుకునే ఓపిక ఎక్కడేడిచింది!

గోడ దగ్గర బోస్సాన్ అలికిడి వినబడింది. అక్నబాత్ గభాలున తాబేలు మీద రొట్టెల బుట్ట బోర్లించింది. బుట్ట మెల్లగా నడవడం మొదలెట్టింది.

"మీ ముసల్ది లేచిందా అక్కా?" అంది బోస్సాన్.

"అది నాది కాదని నీకు... తెలుసా?"

"నేను కాపురానికొచ్చిన రోజే ఆ గాటు చూపించావుగా."

"మరి తెలిసీ ఆ రోజు ఎందుకిచ్చావే?"

"ఆ పెద్దాయన మా ఇంటికి ఎప్పుడైనా వస్తాడక్కా. నీ దగ్గరికి ఏడాదికోసారేగా."

అక్నబాత్‌కి సిగ్గేసింది. సిగ్గుకి మించి ఒళ్ళు మండింది. మంచితనం కూడా అల్లా దీనికే ఇవ్వాలా!

చేతులు దులుపుకుని లేచింది. "పద ఖోజాగులీ ఇంటికి. దొంగెవరో చెప్పాలి."

"వద్దులే అక్కా, నేనేదో సర్ది చెబుతా..."

"నోరుమూసుకుని నా వెనక రా. ఇందులోనైనా నన్ను ముందు నడవనీ!"