కండెకో ప్రశ్న

ఆలేరులో సైన్సు పంతులుగా పనిచేసిన రోజుల్లో నా గొంతంటే నాకు మహా మోజు. క్లాసులో పిల్లలు కునుకు తీస్తే అది ఎండ మహిమ అనుకున్నానేగానీ నా పాఠం మహిమ అనుకోలేదు. అందుకే పక్క వీధిలో చీరలు నేసే ఒకామె పదో తరగతి సైన్సులో రెండోసారి తప్పి మా ఇంటికొచ్చినప్పుడు, క్యాసెట్లలో పాఠాలు చెప్పి ఇస్తానని హుషారుగా మాటిచ్చేశాను.

ఆమెకు మాత్రం అది తమాషా కాదు. అంగన్‌వాడీలో ఉద్యోగం ఖాళీ పడింది. పది పాసైతేనే అర్జీ తీసుకుంటారు. ఈసారి తప్పితే అది ఇంకొకరికి పోతుంది. పోనీ ట్యూషన్‌కు వద్దామంటే మగ్గం దిగడం కుదరదు. చీర ఆగితే ఇల్లు ఆగుతుంది.

టేప్‌రికార్డర్ ముందు కూర్చుని గంట నిండా ఊకదంపుడు దంచాను. "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా" అని మొదలుపెట్టి, సైన్సు గొప్పతనం మీదే క్యాసెట్లో ఒక వైపు సగం తినేశాను. వినేది ఒక్క మనిషని తెలిసీ అంత సంబోధన దేనికో నాకిప్పటికీ అంతుబట్టదు. వారం తర్వాత పాఠం ఎట్లుందని గర్వంగా అడిగాను. పాపం, ఆమె నన్ను నొప్పించకుండా చెప్పాలనే చూసింది.

"సారు, నడుమల మీరు దగ్గింది మాత్రం మంచిగ వినవడ్డది."

నాకు రోషం వచ్చింది. ఎందుకు వినపడదో చూద్దామని వాళ్లింటికే వెళ్లాను. మగ్గం ఆడుతుంటే పక్కన కూర్చున్న నాకే నా గొంతు వినపడలేదు. చెవిటివాడి ముందు శంఖం అంటారుగానీ, మగ్గం ముందు ఊదినా అంతే. గంటసేపు అక్కడే కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన చిన్న కండె ఉంటుంది, దాని నూలు అయిపోగానే మగ్గం ఆగుతుంది. గిన్నెలోంచి ఇంకో కండె తీసి నాడెలో పెట్టుకునేంత సేపే ఆ ఇంట్లో నిశ్శబ్దం. తర్వాత మళ్లీ టకటక. నా పాఠానికి దొరికే జాగా అంతే.

ఇంటికొచ్చి పాఠమంతా తిరగరాశాను. కండె మార్చే ఒక్కో ఖాళీలో ఒక్క సంగతి, దాని వెంట ఒక్క ప్రశ్న. అక్కడ టేప్ ఆపాలి. ఆ కండె అయిపోయేదాకా ఆమె నేస్తూ ఆలోచించాలి. తర్వాతి ఖాళీలో జవాబు, మరో సంగతి. నేను ముచ్చటపడి పెట్టుకున్న ఉపమానాలన్నీ కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మళ్లీ రికార్డు చేస్తుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి విని, ఇంట్లో కూడా ఇట్లాగే రెండు ముక్కలు మాట్లాడి ఆపితే ఎంత బాగుండునంది.

మరి టేప్ ఆపేదెవరు? ఆమె చేతులూ కాళ్లూ మగ్గంతోనే సరి. పక్కన రాట్నం మీద కండెలు చుడుతూ ఆమె అత్త కనిపించింది, బడి గడప తొక్కని మనిషి. ప్రశ్న అయిపోగానే ఈ మీట, మగ్గం ఆగగానే ఆ మీట నొక్కమని చూపించాను. నా ఏర్పాటుకు నేనే మురిసిపోయాను.

పరీక్షల ముందు ఒకసారి చూద్దామని వెళ్లి, గాలిలో ఏ వాయువు ఎక్కువని అడిగాను. కోడలు నోరు తెరిచేలోపే రాట్నం దగ్గర్నుంచి నత్రజని అని జవాబొచ్చింది. పరీక్ష నీకా నాకా అని కోడలు నవ్వింది. నేను పెద్దామెను అడ్డం రావొద్దని చెప్పి, మిగతావన్నీ కోడలినే అడిగాను.

కోడలు పాసయింది. ఉద్యోగమూ వచ్చింది. క్యాసెట్లు వాపసు ఇవ్వడానికి అత్త మా ఇంటికొచ్చింది. సంచి నా చేతికిచ్చాక కూడా అక్కడే నిలబడింది.

"కోడలు పాసైంది సారు. మరి నేను పాసైననా లేదా, గది చెప్పుండ్రి."

నాకు సిగ్గేసింది. ప్రతి పాఠం, ప్రతి ప్రశ్న విన్న మనిషిని నేను ఇన్నాళ్లూ టేప్‌రికార్డర్‌కు ఇంకో మీటగానే లెక్కేశాను. కూర్చోబెట్టి మొదటి క్యాసెట్ నుంచి ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. రెండు చోట్ల తప్పింది. ఆ రెండూ నేనే తికమకగా చెప్పిన చోట్లు. ఎర్ర సిరాతో ఒక కాగితం మీద పాస్ అని పెద్దగా రాసిచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చింది.

"నాకు చదువరాదు గద సారు. నోటితోని చెప్పుండ్రి."

"పాసైనవ్ అవ్వా" అన్నాను, లోపల మా ఆవిడకు కూడా వినపడేంత గట్టిగా.