ఏదడిగినా వద్దను

"అదేదన్నా అడిగిందంటే ఎర్రది నొక్కు. ఏదడిగినా వద్దను."

"ఎన్నిసార్లు చెబుతారండీ? నాకేమన్నా చెవుడా? వెళ్ళండి ముందు."

ఇవీ నేనూ మా ఆయనా ఆఖరున అనుకున్న మాటలు. నేను పొయ్యి దగ్గరున్నాను, ఆయన గుమ్మంలో చెప్పులేసుకుంటున్నారు. గోదారి దాటి అవతల పని చూసుకుని మధ్యాహ్నానికి వచ్చేస్తానన్న మనిషి, పంటు పడవ మీద రేవు దాటుతూనే కూలబడిపోయారు, మళ్ళీ లేవలేదు. బయటికెళ్ళే మనిషిని వెళ్ళిరండి అనాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ అన్నాను. ఆ పొద్దున్న అనలేదు.

ఇదంతా మా తోడికోడలు రాస్తోంది. గోడకవతల వాటాలో ఉంటుంది, అంగన్‌వాడీలో పిల్లలకి చెబుతుంది. నాకు సంతకం ఒక్కటే వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, ముస్తాబులు చెయ్యొద్దన్నాను.

ఆయన చెప్పిన మాట కంప్యూటర్ గురించి. ఆయన బళ్ళో గుమాస్తాగా చేసి దిగిపోయాక కొనుక్కున్నారు. అది నాకూ పనికొచ్చింది. నేను లేసు అల్లుతాను, పన్నెండేళ్ళప్పుడు పట్టుకున్న సూది. ఇదివరకు శాంపిల్ చూడ్డానికి లేసు ఆఫీసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు సోమవారం పదకొండింటికి ఆఫీసావిడ వీడియోలో చూపిస్తుంది, అందరం కుట్లు లెక్కపెట్టుకుంటాం. నా కళ్ళకి ఫోను ఆనదు. కంప్యూటర్లో అయితే దారం పోగు పోగూ కనిపిస్తుంది.

కిందటేడు ఆయన బజారుకెళ్ళినప్పుడు అందులో ఒకడు పోలీసు బట్టల్లో కనిపించాడు. నా పేరు మీద కేసుందన్నాడు, కుర్చీలోంచి లేస్తే జైలే అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా పూటంతా అలా కూర్చున్నాను. ఆయనొచ్చి, వాడు దొంగ పోలీసని చెప్పి వైరు పీకేశారు. ఒక్క మాట కూడా తిట్టలేదు నన్ను. మర్నాడు అందులో కాపలా ప్రోగ్రాం ఒకటి వేయించారు. అది మధ్యమధ్యలో తెర మీదకొచ్చి ఏదో అడుగుతుంది, కింద ఎర్రదొకటి, పచ్చదొకటి ఉంటాయి. నాకా ఇంగ్లీషు రాదు. అందుకే ఇంట్లోంచి కదిలినప్పుడల్లా ఆ మాటే చెప్పేవారు. సోమవారం వీడియో మాత్రం పక్కన కూర్చుని ఆయనే పెట్టేవారు.

పెద్దకర్మ అయిన తరవాత సోమవారం నేనే కంప్యూటరు వేశాను. మూల కూర్చున్నదాన్ని, ఇంకేం పనుంది నాకు? అది అడిగింది. ఎర్రది నొక్కాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ నొక్కాను. అడిగినన్నిసార్లూ నొక్కాను. ఆయన చెప్పిన పని ఒక్కటన్నా చేస్తున్నానని కొంచెం బాగానే అనిపించింది కూడా. తరవాత వీడియో నొక్కితే ఒక చక్రం తిరుగుతా ఉంది. పదకొండు దాటింది. పన్నెండయింది. చక్రమే.

కేబులతన్ని పిలిచాను. వచ్చి డబ్బా చూశాడు, ఆపి వేశాడు, వైరు మార్చాడు. చక్రం ఆగలేదు. తన ఫోను తీసి పాట పెట్టి చూపించాడు.

"చూడండి, మీ వైఫై మీదే పరిగెడుతోంది. లైనులో తేడా లేదండి. కంప్యూటర్లోనే ఏదో అయింది. షాపుకి పట్టుకెళ్ళండి."

"ఎవరు పట్టుకెళ్తారు నాయనా?"

అతను నా నుదురు చూసి తల దించుకున్నాడు.

నేను గడప దాటకూడదు. పుట్టింటివాళ్ళొచ్చి నిద్రకి తీసుకెళ్తే, అక్కడ నిద్ర చేసొస్తే, అప్పుడు మెల్లిగా నలుగురిళ్ళకీ వెళ్ళొచ్చు. మా అన్నయ్యది జంగారెడ్డిగూడెం. వాళ్ళింట్లో పెళ్ళి పెట్టుకున్నారు. శుభకార్యం అయ్యేదాకా నన్ను ఎలా తీసుకెళ్తారు? అది వాళ్ళ తప్పు కాదు. కానీ ముహూర్తం ఎప్పుడంటే ఇంకా మూడు నెలలుంది.

రెండో సోమవారమూ చక్రమే. ఆ కోపం తోడికోడలి మీద పోయింది.

"మీవాళ్ళే ఏదో లాగేసుంటారు. మీ వాటాలో టీవీ ఎలా వస్తోంది మరి?"

"టీవీ వేరక్కా, నెట్టు వేరు. మీ వైరు మేమేం చేసుకుంటాం? మెడలో వేసుకుంటామా?"

"వేసుకో. నీకైతే మెడలో వేసుకునే రాత ఉంది."

అది అనకూడదు. ఇది కూడా రాయమన్నాను, రాసిందో లేదో. ఆ తరవాత రెండు రోజులు గోడవతల నుంచి పలకరింపు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు నాకు. సూది ఉంది, దారం ఉంది, ఏం అల్లాలో చెప్పేవాళ్ళు లేరు. తిన్న కంచం కడిగి మళ్ళీ కడిగేదాన్ని.

శనివారం ఆఫీసావిడ ఫోను చేసింది. "పెద్దకర్మయ్యాక కూడా రెండు వారాలు కనపళ్ళేదు మీరు. మీ పరిస్థితి నాకు తెలుసమ్మా. కానీ ఈ సోమవారం కూడా రాకపోతే మీ చోట్లో ఇంకొకర్ని పెట్టుకోమంటున్నారు."

నలభై ఏళ్ళ పైగా పట్టుకున్న సూది. ఇదీ పోతే ఇంక ఆ మూలా, నేనూ.

సిగ్గొదిలేసి గోడ మీద కొట్టాను. తోడికోడలు వచ్చింది. మొహం ముడుచుకునే వచ్చింది, కానీ సోమవారం సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. కంప్యూటర్ షాపతనికి ఫోను చేసి ఇద్దరికీ వినపడేలా పెట్టింది.

"కుడిపక్క కింద డాలు బొమ్మ ఉందాండీ?" అన్నాడతను.

"ఉందండి."

"అది కాపలా ప్రోగ్రాం. దాన్ని ఒక్క పది నిమిషాలు ఆపండి."

నేను తోడికోడలి చెయ్యి పట్టేసుకున్నాను. "ఆపొద్దు! ఆయన పెట్టింది అది."

"అక్కా, నా చెయ్యి వదులు. ఆపి చూద్దాం. మళ్ళీ వేసేద్దాం."

ఆపింది. చక్రం ఆగిపోయింది, నెట్టు వచ్చేసింది. మళ్ళీ వేసింది, పోయింది. షాపతను నవ్వాడు. "దొరికిందండి. దొంగొస్తాడని పెట్టుకున్న కాపలావాడు ఇంట్లోవాళ్ళని కూడా రానివ్వట్లేదు. లోపల వద్దన్నవాటి చిట్టా ఉంటుంది, చదవండి."

తోడికోడలు ఒక్కొక్కటీ చదివింది. మొత్తం పదకొండు. వీడియోది అందులో ఉంది. అసలు నెట్టు తెరిచేదే అందులో ఉంది.

"ఎవరండీ బాబూ ఇన్ని వద్దన్నారు? కుదురుగా కూర్చుని ఒక్కొక్కటే నొక్కినట్టున్నారు!"

తోడికోడలు నా వైపు చూసింది.

"నేనే నాయనా. నేనే నొక్కాను."

"ఎందుకమ్మా?"

"చెప్పారు."

అతను మెల్లిగా చెప్పాడు, కావలసినవాటికి పచ్చది నొక్కమని. తోడికోడలు నొక్కబోతే వద్దన్నాను, నేనే నొక్కుతానన్నాను. ఆ మౌసు మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆయన గుమ్మంలోనే ఉన్నట్టు, చెప్పులేసుకుంటూ చూస్తున్నట్టు. "పదకొండవుతోందక్కా" అంది తోడికోడలు. రెండిటికి పచ్చది నొక్కాను. మిగతా తొమ్మిదీ అలాగే ఉండనిమ్మన్నాను. అవేంటో నాకు తెలీదు. ఆయన మాట అంతవరకన్నా ఉంటుంది.

పదకొండింటికి మొహాలన్నీ వచ్చాయి. ఒకావిడ గట్టిగా అంది, "ఏం వదినా, మమ్మల్ని వదిలేసి ఎవరితో అల్లుతున్నావు?" అనేసి నా బోసి నుదురు చూసి ఆగిపోయింది. నేను కెమెరా కిందకి దింపేశాను, నా చేతులు మాత్రం కనపడేలా. ఆఫీసావిడ శాంపిల్ పట్టుకుని లెక్క మొదలెట్టింది. నా చేతులు అందుకున్నాయి.

నా చోటు నాకుంది. వారం వారం ఆఫీసు మనిషొచ్చి అల్లింది పట్టుకెళ్తోంది. నేను గుమ్మం లోపల నుంచి అందిస్తాను. అన్నయ్యగారింట పెళ్ళి ఇంకా కాలేదు.

ఇవాళ పొద్దున్న అది మళ్ళీ అడిగింది. తోడికోడలు, నువ్వేలే, బడికెళ్ళావు. ఎర్రది నొక్కితే పని పోతుందేమో, పచ్చది నొక్కితే ఆ పోలీసు బట్టలవాడు వచ్చేస్తాడేమో. చెయ్యి దేని మీదకీ పోలేదు. నువ్వొచ్చేదాకా, మధ్యాహ్నం దాకా, ఆ కుర్చీలో అలాగే కూర్చున్నాను. అప్పుడు కూర్చున్నట్టే. నువ్వు చూసి, "ఇది మంచిదేనక్కా" అని ఒక్క నొక్కు నొక్కావు.

అయిపోయిందమ్మాయ్. ఇంక చాలు. ఇప్పుడు మొదట్నుంచీ చదువు. ఆ మొదటి మాటల దగ్గర కాస్త నెమ్మదిగా చదువు. నీది మెత్తని మనసు, నాకు తెలుసు. నేను వెళ్ళండి అన్నానని రాశావో, వెళ్ళిరండి అని దిద్దేశావో వినాలి నేను. చదువు.