నాకు చదువు రాదని రాసిన కాగితం

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. ఆ తరవాతి చదువంతా ఆటోనగర్‌లో, స్పేర్ పార్టుల కొట్టు కౌంటరు వెనక నిలబడి చదువుకున్నదే. బేరింగు డబ్బాల మీది ఇంగ్లీషు అక్షరాలతో మొదలుపెట్టాను. లారీ కంపెనీల కేటలాగులు నమిలాను. చిత్తుకాగితాల కొట్లో పాత ఇంగ్లీషు పత్రికలు ఏరుకొచ్చి, డిక్షనరీ అట్ట ఊడిపోయేదాకా తిరగేశాను. ఎవడూ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పలేదు. మా కొట్టుకొచ్చే ఇంజనీర్లు కంపెనీలకు రాయాల్సిన ఉత్తరాలు నాచేత రాయించుకుని, కింద తమ సంతకాలు పెట్టుకుని పోయేవాళ్ళు. వాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య నాకు అక్షరమ్ముక్క రాదని ఒక కాగితం తయారైంది. అందులో తప్పులు దిద్దిపెట్టింది నేనే.

మా అమ్మాయి కూతురు మెకానికల్ ఇంజనీరింగు చదివింది. బళ్ళకు వాడే బ్యాటరీల మీద పైచదువు జర్మనీలో చదువుతానంది. దరఖాస్తుతో పాటు, నువ్వెవరు, ఈ చదువు నీకెందుకు అన్న ప్రశ్నలకు జవాబుగా రెండు పేజీలు రాసివ్వాలట. పిల్లలు దాన్ని ఎస్‌ఓపీ అంటారు. మొదట మేమిద్దరం కూర్చుని ఉన్నదున్నట్టు రాశాం. సెలవులన్నీ నా కౌంటరు దగ్గరే గడిపిందని, పాత పార్టు విప్పి చూపిస్తే తప్ప అన్నం తినేది కాదని, ఇంగ్లీషు నేనే నేర్పానని. నాకైతే బ్రహ్మాండంగా ఉందనిపించింది. రెండు యూనివర్సిటీలకు పంపాం. రెండూ కాదన్నాయి.

ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే హైదరాబాదు వెళ్ళి, చదువు కోసమని వదిలేసి వచ్చిన ఉద్యోగాన్నే మళ్ళీ బతిమాలుకోవాలి. పిల్ల సగమైపోయింది. వాళ్ళమ్మ చూడలేక బెజవాడలోనే ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్ళింది.

నాలుగు రోజుల తరవాత మనవరాలు నా ముందు ఒక కాగితం పెట్టింది.

"తాతయ్యా, ఇంగ్లీషు తప్పులు మాత్రం చూడు. లోపల ఏం రాశారో అడక్కు."

చదివాను. మా తాతకు చదువు రాదు. బస్సు మీద బోర్డు కూడా చదవలేడు. ఆయన వేలిముద్ర వేస్తుంటే చూసి, నేను బాగా చదువుకోవాలని చిన్నప్పుడే నిర్ణయించుకున్నాను. అదీ సారాంశం.

"ఎవడే ఈ తాత?"

"కన్సల్టెన్సీ ఆయన పెట్టాడు. నేను వద్దన్నాను, ఒట్టు."

చొక్కా తగిలించుకుని దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఏసీ గదిలో ముప్ఫై ఏళ్ళ అబ్బాయి. మర్యాదకు లోటు లేదు. కుర్చీ జరిపాడు, మంచినీళ్ళు ఇచ్చాడు.

"ప్రొఫైలు బాగానే ఉందండీ. స్టోరీ లేదంతే. నాన్నగారు బ్యాంకు, అమ్మగారు టీచరు. వాళ్ళను పెట్టి ఎవర్ని ఏడిపిస్తామండీ? అందుకని తాతగారిని తీసుకున్నాం."

"ఆ తాతను నేనే."

గతుక్కుమంటాడనుకున్నాను. వాడి మొహం వికసించింది.

"అయితే ఇంకా మంచిదండీ! చిన్నప్పుడు పస్తులవీ ఉన్నారా? ఒక్క పాయింటు చెప్పండి సార్, కలిపేద్దాం."

కోపం దిగమింగి, బేరింగు డబ్బాల దగ్గర్నుంచి ఇంజనీర్ల ఉత్తరాల దాకా మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

"బాగుందండీ. కానీ నమ్మరు సార్. డబ్బాలు చూసి ఇంగ్లీషు నేర్చుకోవడమంటే సినిమాలా ఉంటుంది. చదువురాని తాత అంటే ఇట్టే నమ్ముతారు. మీరేం అనుకోకండి, పోయినసారి మీరు పంపింది అందుకే పోయుంటుంది."

వాడన్నది నిజమో కాదో నాకు తెలీదు. ఇవాళ్టికీ తెలీదు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? రెండు తిరస్కారాలున్నాయి.

ఇంటికొచ్చాక అన్నాను. "ఆ కాగితం పంపితే నేనొప్పుకోను."

అది గొడవ చేయలేదు. ఏడ్చినా బాగుండేది, తిట్టి సాధించేవాణ్ణి. "సరే తాతయ్యా. మనం రాసిందే పంపుదామా? నువ్వు ఎలా అంటే అలా" అని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. గడువు మర్నాటితో ఆఖరు. పంపుదామని నేను అనాలి. ఒక్క మాట. ఆ సీటూ పోతే దాని ఏడాది నా నోటి మీదుగా పోయినట్టే. డెబ్భై ఏళ్ళు దాటాయి నాకు. ఎంతమంది దగ్గరో నోరు పారేసుకున్నవాణ్ణి. ఆ ఒక్క మాట మాత్రం బయటికి రాలేదు.

"ఇలా తే ఆ కాగితం" అన్నాను.

పెన్ను తీసుకుని నాకు చదువు రాదన్న వాక్యాలు ఒక్కొక్కటీ దిద్దాను. దిద్దుతుంటే కన్సల్టెన్సీవాడి మీద ఇంకో రకం కోపం వచ్చింది. వాడు చదువురానివాణ్ణి ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. నేను చూశాను. మా నాన్న నేతపని చేసేవాడు. చీరల మూట భుజాన వేసుకుని హనుమాన్ జంక్షన్‌లో నిలబడి, పామర్రు బస్సు ఏదని అడిగేవాడు. ఒకరు చెబితే నమ్మకం లేక రెండోవాణ్ణి అడిగేవాడు. ఆ రెండోసారి మాత్రం, "కళ్ళజోడు మర్చిపోయొచ్చానండీ" అనేవాడు. ఆయనకు అసలు కళ్ళజోడే లేదు. ఆ మాట వినబడగానే నేను నాలుగడుగులు దూరం జరిగి, ఆయనెవరో నాకు తెలియనట్టు నిలబడేవాణ్ణి.

బస్సు బోర్డు వాక్యం కొట్టేసి, ఆ కళ్ళజోడు రాశాను. నా పేరున రాశాను. మనవరాలు చదివి పంపేసింది.

మూడు వారాలకు యూనివర్సిటీవాళ్ళు వీడియోలో మాట్లాడతామన్నారు. మధ్యాహ్నం పూట. పక్కనుంటే ధైర్యంగా ఉంటుందంటే, కెమెరాకు కనబడకుండా మంచం మీద కూర్చున్నాను. తెర మీద తెల్లజుట్టు ప్రొఫెసరు. బ్యాటరీల గురించి అడిగినంతసేపూ మా పిల్ల తడుముకోలేదు. అయిపోయిందనుకుంటుండగా ఆవిడ, మీ తాతగారు ఇంట్లో ఉంటే ఒకసారి చూడవచ్చా అంది.

వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నా కోసం ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడింది. ఆ కళ్ళజోడు సంగతి చదివాక చాలాసేపు మరో దరఖాస్తు తెరవలేకపోయానని, సిగ్గుపడాల్సింది మీరు కాదని, మీకు చదువు చెప్పని లోకమని. ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కానట్టు మనవరాలి వైపు తిరగాలి. తిరిగాను.

"ఆవిడ నిన్ను మెచ్చుకుంటున్నారు తాతయ్యా" అంది. అంతే చెప్పింది.

"ఆ కళ్ళజోడు మా నాన్నదని చెప్పవే" అన్నాను తెలుగులో. "నేను పక్కన నిలబడి సిగ్గుపడ్డవాణ్ణని చెప్పు."

బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర వైపు నవ్వుతూ, మా తాత మీకు కృతజ్ఞతలు చెబుతున్నారు అంది ఇంగ్లీషులో.

నేను దణ్ణం పెట్టాను.

పది రోజులకు సీటు వచ్చింది. ఆ ఉత్తరం చివర ప్రొఫెసరు నాలుగు వాక్యాలు విడిగా రాసింది. వీటిని మీ తాతగారికి చదివి వినిపించండి అని. అల్లుడు, అమ్మాయి, అందరూ నా చుట్టూ చేరారు. కాగితం నా చేతికందేంత దగ్గర్లోనే ఉంది. మనవరాలు పైకి చదువుతుంటే కూర్చుని విన్నాను.