మా ఊరి పేరు వినడానికి ఒటావా దాకా

బుధవారం రైడింగ్ పని మీద ఒటావా వెళ్దాం, డ్రైవ్ చేస్తావా అని నెల్లూరు ఆంటీ అడిగితే, ఈ వయసులో ఈవిడకు గుర్రపు స్వారీ ఏమిటా అనుకుంటూనే సరేనన్నాను. కెనడాలో పార్లమెంటు నియోజకవర్గాన్ని రైడింగ్ అంటారని, చదువుకోడానికి వచ్చి మూడేళ్ళు దాటినా నాకు తెలియదు మరి. ఆంటీ రిటైరైన డాక్టరు. హామిల్టన్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకుంటాను. వచ్చే నెల ఆవిడ దేశానికి ఆ చివరనున్న సర్రీలో కూతురి దగ్గరికి మారిపోతున్నారు. వెళ్ళేలోపు పార్లమెంటులో మా ఊరి పేరు పలకగా ఒక్కసారి చెవులారా వినాలని ఆవిడ కోరిక.

ఉదయం ఆరింటికి పులిహోర డబ్బా, కాఫీ ఫ్లాస్కుతో బయల్దేరాం. టొరంటో ట్రాఫిక్ దాటాక ఆంటీ అసలు కథ చెప్పారు. పదేళ్ళకోసారి జనాభా లెక్కల తరవాత ఇక్కడ నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీస్తారు. గీసేది నాయకులు కాదు, ఒక జడ్జి ఉన్న కమిషన్. ఎవరైనా వెళ్ళి తమ మాట చెప్పుకోవచ్చు. పోయినసారి ముసాయిదాలో రైడింగ్ పేరులోంచి మా ఊరిని తీసేశారట. ఆంటీ వెళ్ళి మాట్లాడారు. ఆపరేషన్ థియేటర్లో ఏనాడూ రాని వణుకు ఆ మైకు ముందు వచ్చిందని నవ్వారు. చివరికి మా ఊరు నిలిచింది, పక్క ఊరి పేరు తరవాత చిన్న గీత పెట్టి, రైలుకి ఆఖరి పెట్టెలా. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే కామెంట్లలో పార్టీల గొడవ మొదలవుతుంది.

నాకు ఓటే లేదు కదా, నాకెందుకివన్నీ అన్నాను.

"ఓటు లేకపోతే ఏంటమ్మా, నువ్వుండేది ఆ హద్దుల లోపలే కదా. రేపు నీ వర్క్ పర్మిట్ ఎక్కడైనా ఆగితే నువ్వు వెళ్ళాల్సింది ఆ ఎంపీ ఆఫీసుకే."

మధ్యాహ్నానికి ఒటావా చేరాం. పార్కింగ్‌కి పాతిక డాలర్ల దాకా అయింది, సభ చూడడం మాత్రం ఉచితం. ఫోన్లు, సంచులు బయటే పెట్టించారు. సభలో సభ్యులను పేరుతో పిలవరు, ఫలానా రైడింగ్ గౌరవ సభ్యులు అనే పిలుస్తారు. అచ్చం మనవాళ్ళు నెల్లూరు ఆంటీ, వరంగల్ అంకుల్ అన్నట్టే. నాకు ఆ పద్ధతి తెగ నచ్చేసింది. కానీ రెండుంపావుకి మొదలైన ప్రశ్నల సమయమంతా అరుపులతోనే గడిచింది. మా ఎంపీ వెనక వరసలో కూర్చుని నోరు విప్పలేదు. సందర్శకుల గ్యాలరీ మేం తప్ప ఖాళీ అయింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం, వెళ్దామా అన్నాను. ఆంటీ కదల్లేదు. నాకు లోపల జాలేసింది, ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్తారేమోనని.

కాసేపటికి పిటిషన్లు, అంటే జనం సంతకాలు పెట్టిన అర్జీలను ఎంపీలు సభ ముందు పెట్టడం, మొదలయ్యాయి. స్పీకర్ రెండు ఊళ్ళ పేర్లూ కలిపి పిలిచారు. మా ఎంపీ లేచి, రైల్వే క్రాసింగ్ గురించి నాలుగు ముక్కలు చదివి కూర్చున్నారు. అంతే. ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"పూర్తిగా పలికారు చూశావా. చివరిది మింగెయ్యలేదు."

తిరుగు దారిలో కింగ్‌స్టన్ దగ్గర టీకి ఆగినప్పుడు, సర్రీలో మిమ్మల్ని హామిల్టన్ ఆంటీ అంటారేమో అని ఆటపట్టించాను. అననివ్వను, మన ఊరి పేరే నేర్పిస్తా అన్నారు. ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంటారని నాకు అనుమానం లేదు. నేనూ ఒకటి ఒప్పుకోవాలి. స్పీకర్ ఆ పేరు పిలిచినప్పుడు, నన్నే పిలిచినట్టు తల ఎత్తాను.

మీరు వెళ్తే ఒక్క సలహా. ప్రశ్నల సమయం అయిపోగానే లేచి రాకండి. మా ఊరి పేరు ఆ తరవాతే వినిపించింది.